సేనాపతి కాళ్ళ దగ్గర పులి

మా డ్రాయింగు మేష్టారు పోయారు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్న, జయపురంలో నేను ఏడో తరగతికి హాజరు పిలుస్తుండగా ఫోను వచ్చింది. మేష్టారి భార్య. ఆవిణ్ణి నేను మొదటినుంచీ పిన్నిగారు అనే పిలుస్తాను.

“అమ్మీ, మీ మేష్టారు ఎల్లిపోయేరు. టీ ఇస్తే తాగేరు. గ్లాసు కడిగీసి వచ్చీసరికి లేరు. నువ్వు రా” అన్నారు. గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది.

నేను మిగిలిన పేర్లు కూడా పిలిచాను. పిల్లలు పలికారు. రిజిస్టరు మూశాక గానీ ఆవిడ చెప్పిన మాట నా తలకెక్కలేదు. హెడ్మాస్టరుగారిని సెలవడిగి, మధ్యాహ్నం రైలెక్కి, సాయంత్రానికి మేష్టారు ఉండే రాయగడ చేరాను. మట్టి మర్నాడు చేశారు. చర్చిలో ఆయన గురించి రెండు మాటలు చెప్పమన్నారు. మంచి గురువు, ప్రార్థనాపరుడు, ఎవరి మనసూ నొప్పించని మనిషి అన్నాను. అవి అబద్ధాలు కావు. కాని చెప్పవలసిన మాట వేరే ఉంది. అంతమందిలో అది నోటికి రాలేదు. అందుకని ఇది రాస్తున్నాను.

మేష్టారిది శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు ఊరు. మిషను బోర్డింగులో చదివి, మద్రాసులో బొమ్మలు నేర్చుకుని, పాతికేళ్ళ వయసులో రాయగడలో స్కూలు ఉద్యోగానికి వచ్చారట. “రెండేళ్ళు సేసి ఎల్లిపోదామనుకున్నాను” అనేవారు. వెళ్ళలేదు. నేను అదే స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరేనాటికి ఆయనకి నలభై ఎనిమిది, నాకు ఇరవై మూడు. స్టాఫు రూములో ఆయన పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉండేది, టర్పెంటైను వాసన భరించలేక ఎవరూ కూర్చునేవారు కాదు. కొత్తదాన్ని కాబట్టి అది నాకు వచ్చింది.

పెన్సిలు సగం బ్లేడుతో చెక్కేవారు, ములుకు రెండు వేళ్ళ పొడుగు వచ్చేదాకా. పిల్లల దగ్గర రబ్బరు కనిపిస్తే తీసి జేబులో వేసుకునేవారు. “తప్పు గీత ఉండనీరా. దాని పక్కనే మంచిది గియ్యి. రెండూ కనపడాల” అనేవారు. చర్చిలో ఆఖరి బెంచీలో కూర్చునేవారు. ఎందుకని అడిగితే, అక్కడినుంచి అందరి మెడలూ కనిపిస్తాయన్నారు. “మొకానికి అందరూ సర్దుకుంటారమ్మీ. మెడ సర్దుకోవడం ఎవులికీ తెలవదు.” అప్పట్లో జేకేపూర్ కాగితం మిల్లు కాలనీ నుంచి జనం వచ్చి పోయిన తాతల ఫోటోలు ఇచ్చి రంగుల బొమ్మలు వేయించుకునేవారు. స్టాంపు సైజు ఫోటో చూసి నిలువెత్తు మనిషిని వేయగలిగేవారు. ఆ చేతికి చుట్టుపక్కల జిల్లాల్లో పేరుండేది.

ఆ పేరు వినే గుణుపురం వైపునుంచి ఒక ఎండాకాలం ఆయనకి కబురొచ్చింది. వంశధారకి కొంచెం ఎడంగా ఒక బంగళా ఉంది. ఒకప్పటి చిన్న సంస్థానంలో రాజుగారి సైన్యానికి పెద్దగా ఉన్న వంశం వాళ్ళది. ఆ సంస్థానం పేరూ వాళ్ళ ఇంటిపేరూ ఇక్కడ రాయను. వాళ్ళ హాల్లో ముత్తాతగారైన సేనాపతి బొమ్మ ఒకటుంది. కప్పు కారి కిందిభాగం పాడైపోయింది. హాలు బాగుచేయించి పెద్దవాళ్ళని పిలిచి తెరుస్తున్నారు, బొమ్మ బాగుచేయాలి. బొమ్మ కింద పెట్టే బోర్డుకి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసేవాళ్ళు కూడా కావాలి. “నీకూ సెలవలే కదా, రా అమ్మీ. పొద్దున్న బస్సుకెల్లి సాయంత్రం బస్సుకొచ్చీవచ్చు” అన్నారు మేష్టారు. అలా నేనూ వెళ్ళాను.

హాల్లోకి అడుగు పెట్టగానే నేను చీరకొంగు సర్దుకున్నాను. ఎందుకు సర్దుకున్నానో తెలియదు. మేష్టారు అది చూసి నవ్వారు.

“సూసేవా, నిన్నేం అనకుండానే నిన్ను సర్దించీసేడు. ఎలా సేసేడో చెప్పనా?”

బొమ్మ ఇద్దరు మనుషుల ఎత్తుంది. ఎర్రకోటు, బంగారు జరీ, తలపాగాకి తురాయి, ఎడమచెయ్యి కత్తిపిడి మీద, కుడిచేతిలో చుట్టిన కాగితం. వెనక కొండలు, ఒక కొండమీద సన్నని పొగ. మేష్టారు నన్ను బొమ్మకి ఎదురుగా నేలమీద కూర్చోమన్నారు. తర్వాత నిలబడమన్నారు. ఎలా చూసినా నా కళ్ళు సేనాపతిగారి నడుం పట్టీ దగ్గరే ఆగాయి.

“కిందంచు నేలకి దగ్గరగా ఎట్టి అంత పొడుగు నిలబెట్టేరు, పైగా తలవేపు ముందుకి వంచి కట్టించేరు. నీ మీదకి వస్తన్నట్టుంటాడు. మామూలు మనిసి ఏడు తలల పొడుగు. ఈయన్ని లెక్కెట్టు, తొమ్మిది. ఎనకాల కొండలు ఎంతవరకొచ్చేయి? మోకాలుకి. కొండకన్నా ఈయన పెద్ద. బూట్లు సూడు, మట్టి లేదు. యుద్ధం నుంచి వచ్చినోడి బూట్లు అలాగుంటాయేటి? ఆ కత్తి మీద చెయ్యి సూడు. గట్టిగా పట్టుకుంటే బయపడ్డట్టు. వదులుగా పెట్టేడు. తియ్యక్కర్లేదు, పెడితే సాలు అని. ఇంక కళ్ళు. నిన్ను సూస్తన్నాడా?”

చూడటం లేదు. నా తల మీదినుంచి, నా వెనక ఎక్కడో ఉన్నదాన్ని చూస్తున్నాడు.

“నిన్ను సూసేడంటే నీకు జవాబు సెప్పాల. అందుకని సూడ్డు.”

తర్వాత నిచ్చెన తెప్పించి నన్ను ఎక్కించారు. నా మొహం సేనాపతి మొహానికి సరిగ్గా ఎదురుగా వచ్చింది. కళ్ళకింద సంచులు కట్టి ఉన్నాయి. మీసం కింద పెదవి మెత్తగా, కొంచెం తడిగా ఉంది. ఎంతసేపటినుంచో నిలబెట్టేసిన మనిషి మొహం. దిగి వచ్చాక మళ్ళీ చూస్తే మళ్ళీ పెద్దవాడైపోయాడు. చూసిన దాన్ని నేనే మర్చిపోయినట్టయింది.

బొమ్మ కిందిభాగంలో, బూట్లకి పక్కగా ఒక గోనెసంచి అడ్డంగా కట్టి ఉంది. పురికొసతో రెండు మేకులకి బిగించారు. ఎవరో అక్కర్లేనిది తగిలించారనుకుని మేష్టారు విప్పి బయట పడేశారు. కింద రంగు పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. మిగిలింది నాలుగు మోకాళ్ళు, ఒక తాడు, కుడిపక్క సగం మొహం. బంగళా యజమాని దొరగారి గదిలో ఆ బొమ్మకి తీసిన పాత ఫోటో ఒకటుంది, అరచేయంత. అందులో చూస్తే తెలిసింది. సేనాపతి కాళ్ళ దగ్గర ఇద్దరు కొండమనుషులు నేలమీద కూర్చుని ఉన్నారు. చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. కొండల్లో ఏదో పితూరీ లేస్తే అణిచినందుకు వేయించుకున్న బొమ్మ అది.

మేష్టారు ఫోటో చాలాసేపు చూశారు. “ఒకడు పెద్దోడిలా కనపడాలంటే రంగు ఒక్కటే సాలదు. పక్కన ఇంకొకడు సిన్నోడవ్వాల” అన్నారు.

దొరగారు చెడ్డమనిషి కాదు. పట్నంలో చదువుకున్నవాడు, నెమ్మదిగా మాట్లాడేవాడు. మాకు కుర్చీలు వేయించి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

“మేష్టారూ, అక్కడ ఏముండేదో మీరు చూశారు. ఇప్పుడు ఆఫీసర్లొస్తారు, కొండ ఊళ్ళ పెద్దలూ వస్తారు. వాళ్ళ ముందు ఆ కట్టేసిన మనుషుల్ని మళ్ళీ పెట్టమంటారా? ఒకసారి కట్టారు, చాలు. మనం మళ్ళీ ఎందుకు కట్టాలి? నీళ్ళే తినేశాయి, పోనివ్వండి. అక్కడ ఒక పులిని వేయండి. వేటాడిన పులి.”

మేష్టారు నా వైపు చూశారు. నాకది మంచి మాటలాగే వినిపించింది. ఆయనకీ అలాగే వినిపించిందని తర్వాత చెప్పారు.

మర్నాడు ఆయన పాత రంగంతా చాకుతో గీకేశారు. మోకాళ్ళు, తాడు, ఆ సగం మొహం. నేలమీద పరిచిన కాగితంలో పడ్డ పొట్టుని మడిచి పెరట్లో పారేసింది నేను. తర్వాత తొమ్మిది రోజులు పులిని వేశారు. ఆయన బతికున్న పులిని ఎప్పుడూ చూడలేదు. ఒక కేలండరు చూసి వేశారు. మొహం మొదట పిల్లిలా వచ్చిందని రెండుసార్లు చెరిపారు. ఆఖరికి పులి నాలుక బయటపెట్టి, సేనాపతి బూటు కింద మెడ వాల్చి పడుకుంది. ఆ తొమ్మిది రోజులూ నేను వరండాలో కూర్చుని బోర్డు రాశాను. ప్రజలని పీడించిన పులిని ఒంటరిగా చంపిన వీరుడు అని ఇంగ్లీషులో రాశాను. దొరగారు చదివి చాలా బాగుందన్నారు. నాకు గర్వంగా ఉండింది. ఆ గర్వం గురించి కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

బంగళాలో ఒక సవర తాత వంటపని చూసేవాడు. మొదటిరోజు మాకు టీ తెచ్చింది అతనే. మర్నాడు మేము పని మొదలుపెట్టేముందే జ్వరమొచ్చి ఊరికి వెళ్ళాడట. తిరిగి వచ్చేసరికి పులి పూర్తికావచ్చింది. తొమ్మిదోరోజు మధ్యాహ్నం టీ పళ్ళెంతో హాల్లోకి వచ్చి బొమ్మ ముందు ఆగిపోయాడు. పళ్ళెం నేలమీద పెట్టాడు. కొంతసేపు పులి దగ్గర వంగి చూశాడు.

“మావోడేడి బాబూ?” అన్నాడు.

పనివాళ్ళలో ఎవరి గురించో అడుగుతున్నాడనుకుని మేష్టారు, “ఎవులు? నాకు తెలవదు తాతా” అన్నారు.

“ఇక్కడుండీవోడు. కుడేపు. మా తాతకి నాయన.”

మేష్టారి చేతిలో కుంచె ఉంది. అది డబ్బాలో పెట్టడం కూడా మర్చిపోయి అలాగే పట్టుకుని కింద కూర్చున్నారు. తాత కూడా ఎదురుగా కూర్చుని చెప్పాడు. మూడు రోజులు ఆ ఇద్దర్నీ బంగళా పెరట్లో కట్టేసి బొమ్మ వేశారట. నాలుగో రోజు తీసుకెళ్ళారు. మళ్ళీ రాలేదు. తాత వాళ్ళ తాత అప్పుడు చంటిపిల్లాడు.

“మాకు పెద్దల బొమ్మలు ఇంటి గోడమీదే ఉండీవి బాబూ. సర్చిలో కలిసి దేవుణ్ణి నమ్ముకున్నాక మా అయ్య సున్నం ఏయించీసేడు. ఇంక ఆయన ఇక్కడే ఉన్నాడు. నాను సిన్నప్పుడు మా అయ్యతో పనికొచ్చి ఇక్కడే నేలమీద కూకునీవోణ్ణి. పొద్దున్నే గుడ్డెట్టి తుడిసీవోణ్ణి. నీరు కారతందని గోనె కట్టేను.”

మేష్టారు నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను.

“మరి ముందే సెప్పలేకపోయేవా తాతా?”

“నన్నడిగినోలు ఎవులు బాబూ?” అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. పళ్ళెం తీసుకుని, టీలు చల్లారిపోయాయి, మళ్ళీ వేడిచేసి తెస్తానని వెళ్ళాడు.

మేష్టారు టర్పెంటైను గుడ్డ తీసుకుని పులి ముందు నిలబడ్డారు. రంగు ఇంకా తడిగానే ఉంది. పది నిమిషాల్లో తుడిచేయొచ్చు. తుడవలేదు. నేను ఎందుకని అడిగాను.

“ఇది తుడిస్తే ఏటుంటాది? తెల్లగుడ్డ. ఉన్నదంతా నేను గీకీసేను.” గుడ్డ మడిచి డబ్బా మీద పెట్టారు. “నీళ్ళు సగమే తినీసేయమ్మీ. మిగతా సగం నేను.”

హాలు తెరిచిన రోజు మేమిద్దరం వెళ్ళాం. వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాం. ఎవరో పెద్దమనిషి నేను రాసిన బోర్డు మైకులో చదివాడు. చప్పట్లు కొట్టారు. పిల్లలు పులి దగ్గర మూగారు. తాత తలపాగా చుట్టుకుని అందరికీ టీలు ఇచ్చాడు. మాకూ ఇచ్చాడు.

ఆ వానాకాలమంతా మేష్టారు స్కూలు నుంచి తిన్నగా ఇంటికి వెళ్ళిపోయేవారు. జేకేపూర్ వాళ్ళ బొమ్మలు పక్కన పెట్టేశారు. ఏం చేస్తున్నారని అడిగితే చెప్పేవారు కాదు. క్రిస్మసు సెలవులకి ముందు ఇంటికి పిలిచి చూపించారు. నిలువెత్తు బొమ్మ. ఆ సవర తాతకి ముత్తాత. ఆ సగం మొహాన్ని గుర్తుతెచ్చుకుని, మిగతా సగం తాత మొహంలోంచి తీసుకుని వేశారు. కట్లు లేవు. నిటారుగా నిలబడి ఉన్నాడు. చెయ్యి గొడ్డలి మీద వదులుగా ఉంది. వెనక కొండలు మోకాళ్ళ దాకా వచ్చాయి. వెలుగు ఛాతీ మీద పడుతోంది. చూపు మన తల మీదినుంచి దూరంగా పోతోంది.

“సేనాపతికి ఏవేవి సేసేరో అన్నీ సేసేను. ఒక్కటీ ఒదల్లేదు” అన్నారు మేష్టారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాకు చాలా గొప్పగా అనిపించింది. ఆయన వేసిన వాటిలో అంత మంచి బొమ్మ లేదనుకున్నాను.

దుప్పటిలో చుట్టి, బస్సులో అడ్డంగా పెట్టుకుని, కండక్టరు తిట్లు తింటూ గుణుపురం వెళ్ళి, అక్కడినుంచి జీపులో తాత ఊరికి తీసుకెళ్ళాం. తాత అప్పటికి పని మానేశాడు. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళు తగ్గిపోయి ఉంది. కూతురు చాప తెచ్చి వేసింది. మేష్టారు దుప్పటి విప్పి బొమ్మని గోడకి ఆనించారు.

తాత లేచి నిలబడ్డాడు. కొత్తవాళ్ళొస్తే నిలబడే అలవాటేమో అనుకున్నాను.

“ఈ దొర ఎవులు బాబూ?”

మేష్టారు బొమ్మ పక్కకి జరిగారు. “దొర కాదు. మీవోడే. మీ తాతకి నాయన.”

తాత దగ్గరికి వెళ్ళి చూశాడు. గొడ్డలి చూశాడు. కొండలు చూశాడు. మొహం కనిపించాలంటే తల బాగా ఎత్తాల్సొచ్చింది. తర్వాత నేలమీద కూర్చుని అక్కడినుంచి చూశాడు. చాలాసేపు చూశాడు.

“మావోడు కాదు బాబూ” అన్నాడు ఆఖరికి. “మొకం అదే. మావోడు కాదు.”

“ఎందుకు కాదు తాతా?”

“మావోడు నన్ను సూసీవోడు. నాను నేల మీద కూకుంటే ఆయన కళ్ళూ నా కళ్ళూ ఒక్క ఎత్తు. ఎప్పుడు సూసినా నాకేసే సూసీవోడు. ఈయన సూడ్డు.”

లోపల కూతురు ఏదో దంచుతోంది. నాకు ఆ హాల్లో నేను నేలమీద కూర్చున్న పొద్దున గుర్తొచ్చింది. నేను అంతసేపూ సేనాపతి కళ్ళకోసం పైకి చూశాను. నా కళ్ళకి తిన్నగా ఎదురుగా, గోనె వెనక, సగం మొహం ఉంది. మేష్టారు అన్ని ఉపాయాలూ చెప్పారు గానీ అది మా ఇద్దరికీ కనిపించలేదు.

మేష్టారు బొమ్మని తిప్పి గోడవైపు పెట్టారు. సంచిలోంచి అట్టా కాగితం తీసి, నేలమీద తాత ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. “నా కళ్ళకేసి సూడు తాతా. ఆయన నిన్నెలా సూసీవోడో అలా సూడు” అన్నారు. ఆఖరి జీపు హారను కొట్టేదాకా గీస్తూనే ఉన్నారు. తాత రెప్ప వేయడానికి కూడా భయపడుతున్నట్టు కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు కాగితం చూపిస్తే, “వస్తన్నాడు” అన్నాడు.

ఆ కాగితం చూసి రంగుల్లో చిన్న బొమ్మ వేయడానికి మేష్టారికి రెండు నెలలు పట్టింది. ఎన్నిసార్లు చెరిపారో. నన్ను ఎదురుగా నేలమీద కూర్చోబెట్టి, “నిన్ను సూస్తన్నాడా?” అని అడిగేవారు. మొదట్లో లేదనేదాన్ని. ఒకరోజు అవునన్నాను. ఆ ఆదివారమే బయల్దేరాం. ఊళ్ళోకి వెళ్ళేసరికి అరుగు ఖాళీగా ఉంది. తాతని మట్టి చేసి ఎనిమిది రోజులైందని కూతురు చెప్పింది. మళ్ళీ అదే జ్వరం.

బొమ్మ చూపించమని ఆవిడే అడిగింది. మేష్టారు విప్పి చేతికిచ్చారు. ఆవిడ నేలమీద కూర్చుని, ఒళ్ళో పెట్టుకుని చూసి, ఒక్కసారిగా ఏడ్చేసింది.

“మా అయ్య” అంది. “మా అయ్యే. నన్నే సూస్తన్నాడు.”

మీ అయ్య కాదు, ఆయన ముత్తాత అని చెప్పడానికి నేను నోరు తెరిచాను. మేష్టారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఆవిడ లోపలికి తీసుకెళ్ళి మేకు కొట్టి తగిలించింది. మాకు బెల్లం ముక్క, మంచినీళ్ళు ఇచ్చింది.

తిరుగు బస్సు గుణుపురం దాటింది. అప్పుడు మేష్టారు అన్నారు. “ఒకడి కోసం ఎల్లి ఇంకొకడిని ఇచ్చి వచ్చేం. ఆ పెద్దాయన ఇంక ఎక్కడా లేడమ్మీ. గుర్తున్నోడూ పోయేడు. మొదట సంపినోలు ఎవులో. రెండోసారి నేను.”

“నేను కూడా ఉన్నాను కదా మేష్టారూ” అన్నాను. ఆయన కాదనలేదు. ఓదార్చడానికి కూడా కాదనలేదు. అందుకు ఆయనకి ఈరోజుకీ రుణపడి ఉన్నాను.

తర్వాత ఆయన పెద్దవాళ్ళ బొమ్మలు వేయలేదు. ఒక నాయకుడి మనుషులు వచ్చి నిలువెత్తు బొమ్మ అడిగితే, “నాకు పులులే వచ్చును బాబూ” అని పంపేశారు. వాళ్ళు ఏదో వేళాకోళం అనుకున్నారు. క్లాసులో బెంచీలు గోడకి జరిపించి, పిల్లల్ని ఇద్దరిద్దర్ని నేలమీద ఎదురెదురుగా కూర్చోబెట్టేవారు. “ముందు సూడండి. అవతలోడు మిమ్మల్ని సూస్తన్నాడని తెలిసేక పెన్సిలు తియ్యండి.” అరగంట అలా చూస్తూ కూర్చుని నవ్వుకునే పిల్లలు, గంట కొట్టేముందు రెండు గీతలు గీసేవారు. ఇనస్పెక్షనుకి వచ్చిన ఒకాయన ఇదేం పాఠమని రిమార్కు రాశాడు. మేష్టారు సంతకం పెట్టి తీసుకున్నారు. ఆ నిలబడ్డ ముత్తాత బొమ్మని ఏం చేశారో నాకు తెలియదు. నేను అడగలేదు.

పెళ్ళై నేను జయపురం వచ్చేశాను. ఏడాదికి రెండుసార్లు వెళ్ళి చూసేదాన్ని. ఆయన రిటైరయ్యారు. షుగరు కళ్ళకి పాకింది. విశాఖపట్నంలో ఆపరేషను చేశారు గానీ ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోదాంట్లో వెలుగూ నీడా మాత్రం తెలిసేవి. మొన్న ఎండాకాలం నేను గుణుపురంలో పరీక్షల డ్యూటీకి వెళ్ళి, చాలా ఏళ్ళ తర్వాత ఆ బంగళాకి వెళ్ళాను. దొరగారు పోయారు. కొడుకు హాలు చూడటానికి వచ్చేవాళ్ళకి తలుపు తీస్తున్నాడు. కుర్రాళ్ళు పులి పక్కన వంగి ఫోను ఫోటోలు దిగుతున్నారు. తిరుగుదారిలో మేష్టారి దగ్గర ఆగాను. అదే ఆఖరిసారి.

“పులి ఉందేటి?” అన్నారు, నేను ఎక్కడినుంచి వస్తున్నానో చెప్పగానే.

“ఉంది మేష్టారూ.”

“రంగు దిగిందా?”

దిగలేదు. నిన్న వేసినట్టుంది. ఆయన అంత బాగా వేశారు. అదే చెప్పాను.

“నీ బోర్డు?”

“అదీ ఉంది.”

ఆయన తల ఊపారు. “ఎవులికైనా సెప్పేవా?”

చెప్పలేదన్నాను. ఇన్నేళ్ళలో మా ఆయనకి కూడా చెప్పలేదు.

“నేను పోయేక సెప్పు. నా పేరెట్టక్కర్లేదు, పెట్టినా పరవాలేదు. అక్కడొక మనిసి ఉండీవోడని సెప్పు” అన్నారు. పిన్నిగారు మరమరాలు కలిపి తెచ్చారు. మాట వేరే వాటి మీదికి మళ్ళింది.

కాబట్టి చెప్తున్నాను. ఆ సేనాపతి బూటు కింద మొదట పులి లేదు. ఆయన పులిని చంపాడో లేదో నాకు తెలియదు. అక్కడ ఇద్దరు మనుషులుండేవారు. కుడిపక్క ఉన్నాయన, నేలమీద కూర్చున్నవాళ్ళని చూసేవాడు. ఆ బోర్డు రాసింది నేను. మేష్టారు పోయిన వారానికి బంగళాకి ఉత్తరం రాశాను, బోర్డు తీసేయమనీ, తీసేయకపోతే కింద ఈ మాట కలపమనీ. జవాబు రాలేదు. మళ్ళీ రాస్తాను.

మట్టి చేసి వచ్చిన మధ్యాహ్నం, జనం వెళ్ళిపోయాక, పిన్నిగారు నన్ను వెనకగదిలోకి తీసుకెళ్ళారు. కిటికీ దగ్గర చెక్క ఫ్రేముకి మేకులు కొట్టి బిగించిన కొత్త గుడ్డ ఉంది. పోవడానికి ముందు శుక్రవారంనాడు, బొమ్మ అడుగుపూతకని చింతగింజలు ఉడకబెట్టించుకుని, ఆ జిగురులో సుద్ద కలిపి, కళ్ళు కనపడకపోయినా అరచేత్తో తడుముకుంటూ పొద్దంతా తనే పూశారట. ఎవరి బొమ్మ వేద్దామనో ఆవిడకి చెప్పలేదట.

గుడ్డ ఆరింది. ఆయన అరచేతి చారలు అడ్డంగా కనిపిస్తున్నాయి. జిగురు వాసనకి చీమలు పట్టాయి. కింది మూలనుంచి బయల్దేరి, ఆ తెల్లటిదాని మధ్యలోంచి సన్నటి వరసగా పైకి పోతున్నాయి, కిందికి వస్తున్నాయి.

“దులిపీమంటావా అమ్మీ?” అన్నారు పిన్నిగారు, చీరకొంగు చేత్తో పట్టుకుని.

ఆవిడ దులపలేదు. ఇద్దరం అక్కడే నిలబడి చూశాం. చీమలు ఒకదానికొకటి ఎదురై, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడుస్తున్నాయి.